కావాలని పెట్టిన తప్పు

తెలుగు పరీక్షలలో ‘తప్పులు సవరించి రాయుము’ అనే ప్రశ్న ఒకటి ఉండేది. ఆ తప్పులను దిద్దడం కంటే కూర్చడమే కష్టం. పిల్లవాని కన్ను జారిపోయే తావు ఎక్కడో కనిపెట్టి, సరిగ్గా అక్కడ దోషాన్ని నిలపాలి. పదవీ విరమణ తరువాత కంప్యూటర్ల చరిత్ర చదవడం మొదలుపెట్టిన నాకు, ఆపరేటింగ్ సిస్టమ్‌లను పరీక్షించేవారిది కూడా ఇదే వృత్తి అని తెలిసి ముచ్చట వేసింది. దానిని వారు ఎర్రర్ ఇంజెక్షన్ అంటారు.

ఈ కథను ఒక వానరాత్రి నుండి చెప్పుకోవచ్చు. 1988లో అమెరికాలోని మాడిసన్ నగరంలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బార్టన్ మిల్లర్ ఇంటి నుండి టెలిఫోన్ తీగ మీదుగా యూనిక్స్ యంత్రంతో పనిచేస్తున్నాడు. ఉరుముల వానకు తీగలో రొద పుట్టి, ఆయన కొట్టిన అక్షరాల నడుమ చెత్త అక్షరాలు చొరబడ్డాయి. రొద రావడం వింత కాదు. నిత్యం వాడే ప్రోగ్రాములు ఆ మాత్రానికే కుప్పకూలడం ఆయనకు వింతగా తోచింది. తరువాత ఆ వాన చేసిన పనినే శిష్యులచేత బుద్ధిపూర్వకంగా చేయించాడు. పరీక్షించిన యూనిక్స్ ప్రోగ్రాములలో నాలుగో వంతు నుండి మూడో వంతు దాకా పడిపోయాయని 1990లో ప్రకటించారు.

ప్రోగ్రాము పడిపోతే మళ్ళీ తెరచుకుంటాం. డ్రైవర్ సంగతి అది కాదు. డిస్కు, నెట్‌వర్క్ కార్డు వంటి పరికరాలకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ నడుమ డ్రైవర్ దుబాసీ వంటిది. ఆ దుబాసీ కాపురం సాధారణంగా కోట లోపల, అంటే కెర్నెల్‌లోనే. అతడు తూలితే కోటంతా తూలుతుంది. లినక్స్, ఓపెన్‌బీఎస్‌డీ కెర్నెళ్ళను శోధించిన స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, మిగిలిన కెర్నెల్‌తో పోలిస్తే డ్రైవర్లలో తప్పుల రేటు మూడు నుండి ఏడు రెట్ల వరకు ఎక్కువని 2001లో తేల్చారు.

డ్రైవర్లు రాసేవారు అసమర్థులని దీనికి అర్థం చెప్పరాదు. డ్రైవర్‌లో ఎంతో భాగం ఆపద్ధర్మం: అడిగిన మెమరీ దొరకకపోతే ఏమి చేయాలి? డిస్కు బదులు పలకకపోతే ఏమి చేయాలి? రాసినవాని బల్ల మీద ఆ ఆపద ఏనాడో గాని రాదు. కనుక ఆ పంక్తులు ఒక్కసారైనా నడవకుండానే లోకంలోకి వెళ్ళిపోతాయి. 2000లో వెలువడిన విండోస్ 2000తో పాటు ‘డ్రైవర్ వెరిఫయర్’ అనే పరీక్షకుణ్ణి అందుకే చేర్చారు. మెమరీ నిండుగా ఉన్నా, అడిగినప్పుడు అప్పుడప్పుడు ‘లేదు’ అని బొంకడం దాని పనులలో ఒకటి. 2007 ఫిబ్రవరిలో వచ్చిన లినక్స్ 2.6.20లో అకినోబు మీటా రాసిన ఏర్పాటు చేరింది. నూటికి ఎన్నిసార్లు కాదనాలో, మొత్తం మీద ఎన్ని వైఫల్యాలు కల్పించాలో కూడా అక్కడ చెప్పుకోవచ్చు.

ఆ అబద్ధం ఎంత అవసరమో 2014 చివర బయటపడింది. లినక్స్‌లో ఎనిమిది పేజీల వరకు, అంటే సాధారణంగా 32 కిలోబైట్ల వరకు, కెర్నెల్ మెమరీ అడిగితే నిరాకరణ దాదాపు ఉండదు. దొరికేదాకా ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఒక్కొక్కప్పుడు ఆ పట్టుదల వల్లనే యంత్రం బిగుసుకుపోతుంది. పోనీ, ‘లేదు’ అని చెప్పడం మొదలుపెడదామా అంటే రచయితలకు భయం! ‘లేదు’ అన్న మాట వినడానికి రాసిన పంక్తులు వేలకొద్దీ ఉన్నాయి. వాటిలో ఎన్ని సరిగా పనిచేస్తాయో ఎవరూ పూచీ పడలేరు. ఔదార్యం వల్ల వచ్చిన చిక్కులలో నేను చదివినంతలో ఇంత చిత్రమైనది లేదు.

నిజమైన డిస్కును ‘మూడోసారి చదివినప్పుడు చెడిపో’ అని ఆజ్ఞాపించలేం. అక్కడే ఎమ్యులేటర్లు, అంటే యంత్రాన్ని ప్రోగ్రాముగా నటించేవి, అక్కరకు వస్తాయి. ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో వెలువరించిన క్యూఎమ్యూలో ఇప్పుడు అలాంటి ఆజ్ఞ ఇవ్వవచ్చు. ఎమ్యులేటర్‌లోని డిస్కు వినయంగా చెడిపోతుంది. అయితే నటుడిని పరీక్షించేదెవరు? క్యూఎమ్యూలోని ఫ్లాపీ కంట్రోలర్‌కు 512 బైట్ల తొట్టి ఒకటి ఉంది. కొన్ని ఆజ్ఞల తరువాత దాని లెక్క మొదటికి వచ్చేది కాదు. అంతకు మించి పోస్తే పక్కకు పొర్లేది. ఎమ్యులేటర్ లోపలి దుర్మార్గుడు ఆ దారిన బయటి యంత్రంలోకి దూకే వీలుండేది. 2004 నుండి ఉన్న ఆ దోషాన్ని 2015లో క్రౌడ్‌స్ట్రైక్ సంస్థలో పనిచేస్తున్న జేసన్ గెఫ్నర్ కనిపెట్టాడు. ‘వెనమ్’ అని పేరు పెట్టారు. అప్పటికి ఫ్లాపీ వాడేవారే అరుదు. అరుదు గనుకనే ఎవరి కన్నూ అటు పోలేదని నా ఊహ.

విధి విలాసం చూడండి. 2024 జూలై 19న విండోస్ కంప్యూటర్లు 85 లక్షల వరకు నీలితెర చూపి పడిపోవడానికి ఆ క్రౌడ్‌స్ట్రైక్ వారి డ్రైవరే కారణమైంది. కొత్తగా పంపిన దత్తాంశం 21వ విలువను పరిశీలించమంది. కెర్నెల్‌లోని కోడు చేతిలో ఉన్నవి 20. లేనిదాని కోసం హద్దు దాటి చదవబోయి కూలింది. పరీక్షలు జరపలేదా అంటే జరిపారు. కాని ఆ పరీక్షలన్నిటిలోనూ 21వ స్థానంలో ‘ఏదైనా సరే’ అనే గుర్తే ఉంది. అందువల్ల అక్కడికి చూపు పోయే అవసరమే కలగలేదు. ఆనాడు హైదరాబాద్ విమానాశ్రయంలో కొందరికి బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇచ్చారు.

ఇక మాట సంగతి. ఎర్రర్ ఇంజెక్షన్‌ను ‘దోషారోపణ’ అందామంటే ఆ పదం నిందకు ఎప్పుడో స్థిరపడిపోయింది. అగ్న్యాధానం ఉన్నట్లే ‘దోషాధానం’ అనవచ్చునని నాకు తోస్తున్నది. నోటికి మాత్రం కాస్త బరువే. తేలికైన తెలుగు మాట మీలో ఎవరికైనా తడితే వ్యాఖ్యలో రాయగలరు.