కండక్టరు ఎక్కిన మెట్లు

మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. అన్నేళ్ళ సర్వీసులో ఆయన నోటినుంచి ఎక్సర్‌సైజు అన్న మాట నేను వినలేదు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని పడుకునేవారు. నెయ్యి, ఆవకాయ దేనికీ లోటులేదు. అయినా సన్నగా, చీపురుపుల్లలా ఉండేవారు. రిటైరైన రెండేళ్ళకి పొట్టొచ్చింది, మూడో ఏడు సుగరొచ్చింది. ఇక నా సంగతి. పొద్దున పదింటికి కుర్చీలో కూర్చుంటే మళ్ళీ లేచేది మధ్యాహ్నం భోజనానికే. మొన్న ఆఫీసువాళ్ళు చేయించిన హెల్త్ చెకప్పులో, ఇరవై ఎనిమిదేళ్ళకే బీపీ ఉందని తేలింది. రిపోర్టు చూసి నాన్న ఏమీ అనలేదు. "మీ డ్రైవర్లందరికీ ఇంతేరా" అని మాత్రం అన్నారు. నేను డ్రైవర్నేమిటా అని అప్పుడు అర్థం కాలేదు. ఆర్టీసీలో ఇది పాత మాటేనట, స్టీరింగు ముందు కూర్చున్నవాడికి పొట్ట, బ్యాగు తగిలించుకున్నవాడికి కాళ్ళనొప్పులు అని.

ఈ మాటనే లెక్కలు కట్టి నిరూపించినాయన ఒకరున్నారు. ఆయన కథ చదివినప్పట్నించి ఎవరికైనా చెప్పాలని నాకొకటే దురద.

ఆయన పేరు జెర్రీ మోరిస్. 1910లో లివర్‌పూల్‌లో పుట్టి, గ్లాస్గోలో బీదవాళ్ళ మధ్య పెరిగాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పిల్లల్ని వారానికోసారి నడకకి తీసుకెళ్ళి, నాలుగు మైళ్ళు గంటలోపు నడిస్తే ఐస్‌క్రీం కొనిపెట్టేవాడట. (ఈ ఐస్‌క్రీం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.) డాక్టరయ్యాడు, యుద్ధం రోజుల్లో సైన్యంలో వైద్యుడిగా మన దేశంలో కూడా పనిచేశాడు. 1948లో లండన్‌లో సామాజిక వైద్య పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు. అప్పట్లో గుండెపోట్లు ఉన్నట్టుండి పెరిగిపోతున్నాయి, ఎందుకో ఎవరికీ తెలీదు. సిగరెట్టుకీ ఊపిరితిత్తుల కేన్సరుకీ ఉన్న లంకె బయటపడుతున్నది కూడా సరిగ్గా అప్పుడే. గుండె సంగతి మాత్రం చీకట్లోనే ఉంది.

మోరిస్‌కి ఒక అనుమానం. మనిషి చేసే పనికీ, గుండెకీ ఏమన్నా సంబంధం ఉందా? తేల్చాలంటే ఎలా? గుమాస్తానీ కూలివాణ్ణీ పక్కపక్కన పెట్టి చూస్తే లాభంలేదు. వాళ్ళ తిండి వేరు, ఇల్లు వేరు, జీతం వేరు, ఏ తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేం. (డీబగ్గింగు చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఒకేసారి నాలుగు మార్చేస్తే ఏది పగలగొట్టిందో బ్రహ్మకి కూడా తెలీదు.) అన్నీ ఒకేలా ఉండి ఒక్కటే తేడాగా ఉండే జనం కావాలి. అలాంటివాళ్ళు ఆయన కళ్ళముందే, లండన్ రోడ్లమీద తిరుగుతున్నారు. ఎర్ర డబుల్ డెక్కర్ బస్సు, ముందు డ్రైవరు, వెనక కండక్టరు. ఇద్దరిదీ ఒకే తరగతి, ఒకే రకం పేటలు, ఒకే డిపో. ఒకడు షిఫ్టంతా దాదాపు కూర్చునే ఉంటాడు, రెండోవాడు పైకీ కిందకీ మెట్లెక్కి దిగుతూనే ఉంటాడు. మోరిస్ మనుషులు గంటలకొద్దీ బస్సుల్లో కూర్చుని ఆ మెట్లు లెక్కపెట్టారు. కండక్టరు రోజుకి 500 నుంచి 750 మెట్ల దాకా ఎక్కుతున్నాడు.

35 నుంచి 64 ఏళ్ళ మధ్య వయసున్న సుమారు 31 వేలమంది రవాణా ఉద్యోగుల ఆరోగ్య వివరాలు పట్టుకుని కూర్చున్నారు. గుండెజబ్బు కండక్టర్లకి డ్రైవర్లకన్నా తక్కువ వస్తోంది. వచ్చినా ఆలస్యంగా వస్తోంది, వచ్చినవాళ్ళలో చచ్చిపోయేవాళ్ళూ తక్కువే. ఇలాంటి ఫలితం చేతికొస్తే నేనైతే ఆ సాయంత్రమే అందరికీ మెయిలు కొట్టేవాణ్ణి. ఆయన కొట్టలేదు. తపాలా శాఖలో సైకిలు మీద, కాలినడకన ఉత్తరాలు పంచేవాళ్ళనీ, కూర్చుని పనిచేసే గుమాస్తాలనీ, టెలిఫోను ఆపరేటర్లనీ కూడా చూశాడు. అక్కడా అదే తేడా కనిపించాకే, 1953లో 'లాన్సెట్' పత్రికలో అచ్చువేశాడు.

అచ్చయ్యాక మామూలే, నమ్మినవాళ్ళకన్నా నమ్మనివాళ్ళే ఎక్కువ. ముందునుంచీ లావుగా ఉన్నవాళ్ళే డ్రైవరు పనికి పోతున్నారేమో అన్నది ఒక ప్రశ్న. మంచి ప్రశ్నే! దానికి మోరిస్ బృందం వెతికిన చోటు చూస్తే నవ్వొస్తుంది, బస్సు కంపెనీ ఇచ్చే యూనిఫాం పాంట్ల నడుంకొలతలు! 1956లో ఆ కొలతల మీదే ఒక పేపరు రాశారు. అవును, డ్రైవర్ల నడుములు పెద్దవే, అదీ కుర్రవయసునుంచే. అంటే అనుమానంలో కొంత నిజముంది. కానీ తర్వాత చేసిన పరిశీలనలో సన్నటి డ్రైవర్లని సన్నటి కండక్టర్లతో, లావువాళ్ళని లావువాళ్ళతో పోల్చి చూసినా డ్రైవర్లకే హఠాన్మరణాలు ఎక్కువ. పాంటు సైజు ఒక్కటే కారణం కాదన్నమాట.

ఇందులో నన్ను పట్టుకున్న సంగతి వేరే ఉంది. ఆ కండక్టర్లలో ఒక్కడికి కూడా తను వ్యాయామం చేస్తున్నానన్న ఎరుక లేదు. పొద్దున అలారం పెట్టుకుని, కొత్త బూట్లు కొనుక్కుని, జనవరి ఒకటిన ప్రతిజ్ఞ చేసి ఎక్కిన మెట్లు కావవి. పైన టికెట్ తీసుకోనివాడు ఉన్నాడు కాబట్టి ఎక్కాడు. వాడితో నాలుగు మాటలాడి, చిల్లర దగ్గర కాస్త పోట్లాడి, కిందకి దిగాడు. పట్టుదలతో అక్కడ పనేలేదు. మా నాన్నదీ అంతే. పల్లెవెలుగు బస్సుకి మేడ లేకపోయినా, సంక్రాంతి రద్దీలో ముందు డోరునుంచి వెనక డోరుకి చేరడమంటే మాటలా! రోజుకెన్నిసార్లు "రైట్ రైట్" అంటూ దిగి ఎక్కారో ఆయనా లెక్కపెట్టలేదు, మేమూ లెక్కపెట్టలేదు.

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉన్నది నేను రెండుసార్లు ఏడాది డబ్బు కట్టి, రెండుసార్లూ మూడోవారంలో మానేసిన జిమ్ము. అక్కడి ట్రెడ్‌మిల్లు పుట్టుక తెలిశాక నామీద నాకు కాస్త జాలి కలిగింది. 1818లో విలియం క్యూబిట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు (ఎంతైనా మన జాతివాడే) ఖైదీలు ఊరికే కూర్చోకుండా ఉండాలని మెట్ల చక్రమొకటి తయారుచేశాడు. ఖైదీ ఎక్కుతూనే ఉంటాడు, చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఎక్కడికీ చేరడు. కొన్ని జైళ్ళలో దాంతో ధాన్యం ఆడించేవారు, కొన్నిట్లో అదీ లేదు, గాలిని ఆడించడమే. 1895లో శిక్షపడ్డ రచయిత ఆస్కార్ వైల్డ్ కూడా దానిమీద నడిచినవాడే. 1898లో వచ్చిన చట్టంతో బ్రిటిష్ జైళ్ళనుంచి అది తప్పుకుంది. ఖైదీలక్కూడా మరీ క్రూరమని వాళ్ళు తీసేసినదాన్ని పోలిన యంత్రం మీదకి నేను డబ్బుకట్టి ఎక్కానన్నమాట! మెట్లు అవే, కండక్టరు మెట్లకి పైన మనిషున్నాడు, ఖైదీ మెట్లకి లేడు. అదొక్కటే తేడా.

సరే, మోరిస్ దగ్గరికొద్దాం. కండక్టరులాంటి ఉద్యోగాలు తరిగిపోతున్నాయని ఆయనకీ తెలుసు. (లండన్‌లో ఆ పాతరకం వెనకడోరు రూట్‌మాస్టర్ బస్సుల మామూలు సర్వీసు 2005 డిసెంబరులో ఆగిపోయింది. డ్రైవరే టికెట్టిచ్చే బస్సులు మనకీ వచ్చాయి.) అందుకని తర్వాత మనబోటి కుర్చీ ఉద్యోగుల మీద పడ్డాడు. 16,882 మంది ప్రభుత్వోద్యోగుల చేత, చెప్పాపెట్టకుండా ఒక సోమవారం పొద్దున, మొన్న శుక్రవారం, శనివారం ఏమేం చేశారో రాయించాడు. 1973లో ఫలితం వచ్చింది. ఈత, జోరునడక, తోటలో తవ్వకం లాంటివి ఒంటికి పట్టేలా చేసేవాళ్ళకి గుండెజబ్బు ముప్పు మిగతావాళ్ళతో పోలిస్తే మూడోవంతే. అంతకన్నా కఠినమైన ఫలితం 1990లో వచ్చింది, ఇంకో 9,376 మందిని చూశాక. కుర్రతనంలో బాగా ఆటలాడి తర్వాత మానేసినవాళ్ళకి ఏ రక్షణా లేదు! చేస్తున్నంతకాలమే ఫలితం. కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడానని నేనూ, అన్నేళ్ళు బస్సులో నిలబడ్డానని నాన్నా చెప్పుకునే లెక్కలు చెల్లవన్నమాట. రిటైరయ్యాక ఆయన ఒంట్లో ఏం జరిగిందో నాకు అక్కడ అర్థమైంది.

కాబట్టి ఎంత చేశామన్నదానికన్నా ఎన్నాళ్ళు చేయగలమన్నదే అసలు చిక్కు. పదివేల అడుగుల గోల చూడండి. అది ఏ వైద్యుడూ రాసిన చీటీ కాదు, 1965లో జపాన్‌లో యమాసా అనే కంపెనీ అమ్మిన 'మాన్పో-కే' అనే పరికరం పేరు. ఆ మాటకి అర్థమే పదివేల అడుగుల మీటరు. 2019లో హార్వర్డ్ పరిశోధకులు 16,741 మంది పెద్దవయసు ఆడవాళ్ళ అడుగులు లెక్కగట్టి చూస్తే, రోజుకి 4,400 నడిచేవాళ్ళే 2,700 దగ్గర ఆగిపోయేవాళ్ళకన్నా గణనీయంగా మెరుగు, 7,500 దాటాక పెద్ద తేడా లేదు. పదివేలు చేరలేదని రాత్రి హాల్లో గుండ్రంగా తిరిగే మా టీంలీడుకి ఈ మాట చెప్పాను, నమ్మలేదు :)

మోరిస్ మాత్రం తను చెప్పింది తను చేశాడు. 1960లలో, పెద్దమనుషులెవరూ రోడ్డుమీద పరిగెత్తని రోజుల్లో, హాంప్‌స్టెడ్ హీత్ మైదానంలో పరిగెత్తేవాడు. జనం పిచ్చోణ్ణి చూసినట్టు చూసేవారట. ముసలితనంలో ఈత కొట్టాడు. 2009 అక్టోబరులో, 99 ఏళ్ళకి పోయాడు. ఐస్‌క్రీం కోసం మొదలుపెట్టిన నడక అది.

మా ఇంట్లో సంగతికొస్తే, నాన్నని పార్కుకి పంపిద్దామని ఆరునెలలు ప్రయత్నించాం. "పనిలేకుండా గుండ్రంగా తిరగడానికి నేనేమన్నా గానుగెద్దునా" అని ఒకటే గోల. చివరికి అమ్మే దారి కనిపెట్టింది. సరుకులన్నీ ఒకేసారి చెప్పడం మానేసింది. పొద్దున పాలపాకెట్టు. తెచ్చి కూర్చోగానే కొత్తిమీర. పదింటికి ఎవరికో ఇవ్వాల్సిన గిన్నె. సాయంత్రం పెరుగు. ఆయనకి కోపమొస్తుంది, వెళ్ళిన చోటల్లా షాపువాడితో కబుర్లు చెప్పి, చిల్లర సరిచూసుకుని, నవ్వుకుంటూ వస్తారు. అమ్మ చేసేది ఆయనకి ఇంకా తెలీదనే అనుకుంటున్నాం. నిన్న పచ్చిమిరపకాయలకీ కరివేపాకుకీ వేర్వేరుగా పంపింది. రెండో ట్రిప్పుకి నేనూ వెంట వెళ్ళాను.