శాసనం, సందేశం, ఆహ్వానం – రాయలసీమలో మూడు పదముల చరిత్ర

ఒకరి మాటను మరొకరికి చేర్చుట ఒకే కార్యమైనను, దానికి మన భాషలో పదములు అనేకం. ‘శాస్’ ధాతువు నుండి శాసనం పుట్టినది. ఆజ్ఞాపించుట, బోధించుట రెండూ ఆ ధాతువునకు అర్థములే. శాస్త్రశబ్దమునకూ అదే మూలం. ‘దిశ్’ అనగా చూపుట. దాని నుండి సందేశం. ‘హ్వే’ అనగా పిలుచుట. దాని నుండి ఆహ్వానం. ఈ మూడింటికీ కర్నూలు, కడప సీమలలో నిదర్శనములు కలవు.

కర్నూలు సీమలో, గుత్తికి సమీపాన ఉన్న ఎర్రగుడి శిలలపై క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందిన అశోకుని శాసనములు ఉన్నవి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. అందులో సందేశం సాగవలసిన మార్గం కూడా నిర్దేశింపబడినది. రాజు ఆజ్ఞ రజ్జుకుడనే అధికారికి చేరవలెను. అతడు భేరి మ్రోగించి జానపదులకు చాటవలెను. తల్లిదండ్రులను సేవింపుడు, ప్రాణులపై దయ చూపుడు, సత్యం పలుకుడు అన్నదే ఆ చాటింపు సారాంశం. విషయం ధర్మమే అయినను అది వచ్చిన రూపం ఆజ్ఞ. పంపినవాడు దూరాననే ఉన్నాడు.

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో దూతలను మూడు విధాలుగా విభజించెను. వ్రాసి ఇచ్చినదానిని చేర్చువాడు శాసనహరుడు. నియమిత కార్యం వరకే అధికారం గలవాడు పరిమితార్థుడు. సమయోచితంగా స్వయంగా నిర్ణయింపగలవాడు నిసృష్టార్థుడు. అతనికి అమాత్యగుణములన్నియు ఉండవలెను. రాముని అంగుళీయకంతో వెళ్లిన హనుమంతుడు సీతాదర్శనంతో ఆగక, లంక బలాబలములను కూడా గ్రహించి వచ్చెను. ఇది నిసృష్టార్థుని లక్షణం. కడప సీమలో పాపఘ్ని నది కొండను చీల్చుకొని ప్రవహించే గండి క్షేత్రంలో ఈ దూతకే పూజ. అచ్చటి ఆంజనేయమూర్తిని శ్రీరాముడే బాణాగ్రంతో శిలపై చిత్రించెనని స్థలపురాణం. సందేశం మోసినవాని రూపమును పంపినవాడే లిఖించుట కంటె దూతకు గౌరవమేమున్నది?

అహోబిలంలో ఈ క్రమం మరొక మెట్టు ఎక్కినది. సంక్రాంతి మరునాడు, కనుమ నాడు, జ్వాలా నరసింహ, ప్రహ్లాదవరద స్వాముల ఉత్సవమూర్తులు ఒకే పల్లకిలో పార్వేటకు బయలుదేరుదురు. నలుబది దినములకు పైగా ఆళ్లగడ్డ, రుద్రవరం ప్రాంతముల గ్రామములలో సంచారం. ఫాల్గుణ మాసంలో జరుగు తన బ్రహ్మోత్సవమునకు, కల్యాణమునకు భక్తులను స్వామి తానే వచ్చి పిలుచునని సంప్రదాయం. బోయీలు పల్లకిని దించు అరుగును ఆ గ్రామములలో ‘తెలుపు’ అందురు. తెలుపుట అనగా ఎరిగించుట అని కూడా గదా!

ఇచ్చట భేరి చాటిన ఆజ్ఞ లేదు, నడుమ దూత లేడు. పంపువాడే మోసుకొని వచ్చుచున్నాడు. కొండ ఎక్కలేని వృద్ధుని వాకిటికి కూడా ఆ పిలుపు చేరుచున్నది. శాసనమును ధిక్కరించినవానికి దండన కలదు. ఆహ్వానమును విస్మరించినవానికి ఏ దండనయు లేదు. భక్తిని ఆజ్ఞాపింపలేమని ఎరిగినవాడు గనుకనే స్వామి పిలుచుటకు వచ్చెను; బదులు చెప్పుట జీవుని వంతు.