కూటి విద్య, కోరిన విద్య

"మాస్టారూ, ఇది పరీక్షకు వస్తుందా?" అని అడుగని విద్యార్థి తరగతిలో అరుదు. పాఠము మంచి పట్టులో నున్నపుడు వెనుక బల్లనుండి ఈ ప్రశ్న వచ్చినచో ఉపాధ్యాయుని ఉత్సాహము చల్లబడును. అయినను ఆ విద్యార్థిని తప్పుపట్టుటకు వీలులేదు. కోటి విద్యలు కూటికొరకే యని పెద్దలే చెప్పి యుండిరి. తండ్రి అప్పుచేసి కట్టిన జీతము, ఇంటిలో నెదుగుచున్న తమ్ములు, చెల్లెండ్రు, ఇవన్నియు ఆ ప్రశ్న వెనుక నుండును. మఱి విద్య కేవలము సంతోషమునకై యని చెప్పువారు సాధారణముగ కడుపు నిండినవారే యను ఆక్షేపణ కూడ కలదు. ఈ ఆక్షేపణ పూర్తిగా అబద్ధము కాదు. విశాఖపట్టణమున ప్రారంభమై కలకత్తాకు సాగిన యొక చరిత్రలో దీని నిజానిజములు కొంతవరకు బయటపడుచున్నవి.

గోడే వెంకట జగ్గారావు (1817-1856) విశాఖపట్టణమునందలి సంపన్నమైన జమీందారీ కుటుంబమువాడు. బ్రతుకుతెరువుకొరకు ఆయన ఒక్క అక్షరము కూడ నేర్వవలసిన పని లేదు. అట్టివాడు మద్రాసునకు పోయి, అక్కడి ప్రభుత్వ వేధశాలలో ఖగోళజ్ఞుడైన టి. జి. టేలరు నొద్ద శిష్యుడై నక్షత్రశాస్త్రము నభ్యసించెను. టేలరు సామాన్యుడు కాడు. 11,015 నక్షత్రముల స్థానములను లెక్కకట్టి 1844లో పెద్ద పట్టికగా ప్రకటించినవాడు. ఇట్టి పనికి ఎంత ఓపిక కావలెనో జగ్గారావు కన్నులారా చూచి యుండును. ఆయన విశాఖకు తిరిగివచ్చి, 1840లో తన స్వంత ధనముతో ఒక వేధశాలను నెలకొల్పెను. ఆ కాలమున ధనవంతులు ఏనుగులపైనను, భోగములపైనను ధనము వెచ్చించుట వింత కాదు. దూరదర్శినిపై వెచ్చించుట వింత.

ఈ వేధశాల వలన ఊరికి ఒక ఉపకారము కూడ జరిగెను. రేవు ప్రక్కనున్న డాల్ఫిన్స్ నోస్ కొండపై జెండాకొయ్యను నిలిపి, వేధశాలలో నిర్ణయించిన కాలమును జెండా దించుట ద్వారా తెలుపుచుండిరి. సముద్రముపై రేఖాంశమును కనుగొనుటకు ఓడలోని గడియారము సరిగా నడువవలెను. గడియారము నాలుగు సెకండ్లు తప్పినచో భూమధ్యరేఖవద్ద ఓడ స్థానము దాదాపు రెండు కిలోమీటర్లు తప్పును. కాబట్టి ఒకని ముచ్చట నావికులకు ప్రాణావసరమైన సాధనమయ్యెను. జగ్గారావు మాత్రము దూరదర్శినిని కొన్నది నావికులకొరకు కాదనియే నా అభిప్రాయము.

జగ్గారావు మరణించిన తరువాత వేధశాల ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు (1827-1892) చేతికి వచ్చెను. ఈయన డిప్యూటీ కలెక్టరు. ఆ దినములలో భారతీయునకు అంతకంటె గొప్ప ఉద్యోగము దొరకుట కష్టము. మామగారి ఆస్తిని, వేధశాలను చూచుకొనుటకై ఆయన ఆ ఉద్యోగమును వదలుకొనెను. ఆస్తి ఉన్నది కనుక వదలగలిగె నని అనవచ్చును, అదియు నిజమే. అయితే ఆస్తిని చూచుకొనువాడు రాత్రులు మేల్కొని గ్రహణములను కనిపెట్టవలెనను నియమమేదియు లేదుకదా! నరసింగరావు సూర్యగ్రహణములను పరిశీలించెను, వాతావరణ వివరములను ఏండ్ల తరబడి నమోదు చేసెను, లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి సభ్యుడుగా ఎన్నుకొనబడెను.

1874 డిసెంబరు 9వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగ నల్లని చుక్కవలె నడచిపోయెను. దీనిని శుక్రసంక్రమణ మందురు. భూమిపై దూరదూరములనున్న తావులనుండి ఈ చుక్క బింబమును తాకిన క్షణమును, విడిచిన క్షణమును కొలిచినచో, ఆ భేదములనుండి సూర్యునకును భూమికిని గల దూరమును గణింపవచ్చును. ఈ సంక్రమణములు ఎనిమిదేండ్ల ఎడమున జంటగా వచ్చి, మఱల నూరేండ్లకు పైగా కనబడవు. 1882 తరువాతిది 2004లో వచ్చెను. దాని జంట 2012లో వచ్చెను. ఇక 2117వరకు లేదు. 1874లో అనేక ప్రభుత్వములు దీనికై ఓడలలో పండితులను దేశదేశములకు పంపెను. నరసింగరావును ఎవరును పంపలేదు. ఆయన తన ఊరిలోనే, తన దూరదర్శినితో దానిని పరిశీలించెను.

ఇట్టి స్వచ్ఛంద విద్యకు ఒక బలహీనత కలదు. దానిని ప్రేమించిన మనిషి పోయిన వెనుక దానికి దిక్కుండదు. నరసింగరావు 1892లో మరణించెను. తరువాత కొలది సంవత్సరములకే వేధశాల ప్రభుత్వపరమై, క్రమముగ మరుగున పడెను. ఆయన పేరు నిలిచినది మఱియొకచోట. ఆయన భార్య అచ్చయ్యమ్మగారు ఇచ్చిన విరాళమువలన విశాఖలోని హిందూ కళాశాల మిసెస్ ఎ. వి. ఎన్. కళాశాల యయ్యెను. ఆ కళాశాలలో గణితమును, భౌతికశాస్త్రమును బోధించుటకు తిరుచిరాపల్లి ప్రాంతమునుండి చంద్రశేఖర అయ్యరను ఉపాధ్యాయుడు కుటుంబముతో వచ్చెను. ఆయన రెండవ కుమారునకు అప్పటికి నాలుగేండ్లు. ఆ బాలుడే చంద్రశేఖర వెంకట రామన్.

రామన్ విశాఖలో పెరిగి, పదునొకండవ యేట మెట్రిక్యులేషనును, తరువాత ఎఫ్. ఏ. పరీక్షను ముగించి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరెను. 1904లో బి. ఏ. పరీక్షలో ప్రథముడయ్యెను. ఒకనాడు ప్రయోగశాలలో పట్టకము కోణమును కొలుచుచుండగా, ఏటవాలుగా పడిన కాంతి ఏర్పరచిన చారలు రెండు ప్రక్కల సమానముగ లేకుండుట ఆతనికి కనబడెను. పరీక్షకు కావలసినది కోణము మాత్రమే. చారల సంగతి ఎవరును అడుగరు. ఆతడు కోణమును విడిచి చారలను పట్టుకొనెను. దీర్ఘచతురస్రాకారపు రంధ్రముతో ఆ విషయమును పరిశోధించి వ్రాసిన వ్యాసము 1906 నవంబరులో లండనులోని ఫిలసాఫికల్ మాగజైన్‌లో వెలువడెను. అప్పటికి ఆతనికి పదునెనిమిదేండ్లు. "ఇది పరీక్షకు వస్తుందా?" యని ఆతడు ఆనాడు అనుకొని యుండినచో!

ఇంతవరకు విని విద్యార్థులు రామన్‌ను ఉద్యోగము మాట తలపని విరాగిగా భావింపరాదు. భారతీయునకు విజ్ఞానశాస్త్రములో జీవనము గడుచు మార్గము ఆనాడు దాదాపు లేదు. ఆరోగ్యము బాగుండనందున విదేశములకు పోవుటకు వైద్యుడు అంగీకరింపలేదు. అన్నగారు అప్పటికే ఆర్థికశాఖలో నుండెను. కాబట్టి ఆతడును 1907లో ఫైనాన్సు పరీక్షకు కూర్చుండెను. దానికై చరిత్ర, అర్థశాస్త్రము మొదలైన విషయములను చదివెను. అది అచ్చమైన కూటి విద్యయే. దానిని కూడ ఆతడు శ్రద్ధగా చదివి ప్రథముడుగా నిలిచెను. ఆ సంవత్సరమే కలకత్తాలో అసిస్టెంటు అకౌంటెంటు జనరల్‌గా చేరెను.

కలకత్తాలో ట్రాములో పోవుచుండగా బౌబజారు వీధి 210వ నంబరు భవనముపై ఒక పలక కనబడెను. అది డాక్టరు మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన భారతీయ విజ్ఞాన సంవర్ధక సంఘము. సర్కార్ వైద్యుడు. పట్టములతోను, ఉద్యోగములతోను నిమిత్తము లేకుండ, దేశీయులు విజ్ఞానమును దానికొరకే అభ్యసించు చోటు ఉండవలెనని చందాలు వసూలుచేసి ఆ సంఘమును కట్టెను. ఉపన్యాసములు జరిగెను గాని పరిశోధకులు రాలేదు. ఆ నిరాశతోనే ఆయన 1904లో కన్నుమూసెను. రామన్ తలుపు తట్టినపుడు పరికరములు చాలవరకు పనిలేక పడియుండెను. మహేంద్రలాల్ కుమారుడు అమృతలాల్ సర్కార్ ఆతనిని ఆదరముతో లోనికి పిలిచెను.

తరువాతి పది సంవత్సరముల దినచర్యను ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగును. తెల్లవారుజామున అయిదున్నరకు సంఘములోని ప్రయోగశాల. పదింటికి ముందుగా ఇల్లు చేరి, స్నానము చేసి, నాలుగు మెతుకులు నోట వేసుకొని కచేరి. సాయంకాలము అయిదుగంటలకు కచేరినుండి నేరుగా మఱల ప్రయోగశాల. రాత్రి తొమ్మిదిన్నరకో పదికో ఇల్లు. ఆదివారము పూర్తిగా ప్రయోగశాలయే. ఇల్లు నడపిన భారమంతయు భార్య లోకసుందరి అమ్మాళ్‌పై పడెను. చరిత్రకారులు ఈ భాగమును సామాన్యముగ ఒక వాక్యముతో దాటవేయుదురు. నేనును అంతకంటె చేయలేకున్నాను. మధ్యలో రంగూనునకు, నాగపూరునకు బదిలీలు అయ్యెను. ఉద్యోగి ఎంత ఇష్టపడినను ప్రయోగశాలను మూటగట్టుకొని పోలేడుకదా. 1911లో కలకత్తాకు తిరిగివచ్చిన పిదప పని మఱల జోరందుకొనెను.

ఆ తీరిక వేళలలో ఆతడు ఏమి పరిశోధించెను? వయొలీను, వీణ, తంబుర, మృదంగము! సాధారణమైన డప్పు చర్మమును కొట్టినపుడు పుట్టు ధ్వనుల పౌనఃపున్యములు 1, 1.59, 2.14 అను అస్తవ్యస్తమైన నిష్పత్తులలో నుండును. అందుచే దానిలో శ్రుతి పలుకదు. మృదంగమునకు మధ్యనున్న నల్లని పూత చర్మమునకు నడుమ బరువు కలిగించి, ఆ నిష్పత్తులను 1, 2, 3, 4, 5 అను పూర్ణసంఖ్యలకు తెచ్చును. తంత్రులలో నుండు ఈ గుణమును మన పూర్వులు చర్మవాద్యమునకు చెవితోనే సాధించిరని రామన్ నిరూపించెను. ఈ విషయమున శివకాళి కుమార్‌తో కలిసి వ్రాసిన లేఖ 1920లో నేచర్ పత్రికలో వచ్చెను. లెక్కల కచేరిలో ఈ పనికి ఒక్క పైసా ఎక్కువ జీతము రాదు.

1917లో కలకత్తా విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలరుగా పనిచేసిన సర్ ఆశుతోష్ ముఖర్జీ ప్రోద్బలముతో రామన్ పాలిత్ ఆచార్య పదవిని స్వీకరించెను. ఆ పదవిని పొందువాడు విదేశములలో శిక్షణ పొందవలెనను నియమమునకు ఆతడు ఒప్పుకొననందున, ఆ నియమమునే సడలించిరి. జీతము సుమారు సగమునకు తగ్గెను. కోరిన విద్యయే కూటి విద్య యయ్యెను గాని, కూడు కొంత తగ్గెను. 1928 ఫిబ్రవరి 28న బయటపడిన రామన్ ఫలితము, 1930లో వచ్చిన నోబెల్ బహుమానము అందరికి తెలిసినవే.

మొదట చెప్పిన ఆక్షేపణ మాత్రము ఇంకను మిగిలియున్నది. జగ్గారావునకు జమీ ఉన్నది, నరసింగరావునకు ఆస్తి ఉన్నది, రామన్‌కు ప్రభుత్వోద్యోగము ఉన్నది. ఏమియు లేనివాని మాట ఏమి? బౌబజారు భవనములో ఆశుతోష్ డే అను సహాయకుడుండెను. అందరు ఆశుబాబు అని పిలిచెడివారు. కళాశాల గడప తొక్కనివాడు. తెల్లవారుజామున రామన్ వచ్చునప్పటికి పరికరములను సిద్ధపరచువాడు ఆతడే. రంగూనునుండి తిరిగివచ్చువరకు వానికి తుప్పు పట్టకుండ చూచినవాడును ఆతడే కావచ్చును. ప్రతిదినము చూచుచు, అడుగుచు, చేతితో చేయుచు ఆతడు నేర్చుకొనెను. పౌనఃపున్యమును నిరపేక్షముగ నిర్ణయించుటకు ఒక క్రొత్త పద్ధతినిగూర్చి ఆతని పేరుతో వెలసిన వ్యాసమును, రామన్ వ్రాసిన పీఠికతో, 1919లో లండను రాయల్ సొసైటీ తన ప్రొసీడింగ్స్‌లో ప్రకటించెను.