ఆంధ్రప్రదేశ్ రేషన్ సరఫరాలో డిజిటలీకరణ

గోదాము నుంచి కార్డుదారు సంచి దాకా సాగే రేషన్ బియ్యం లెక్క చేతిరాత రిజిస్టర్ల నుంచి ఆన్‌లైన్‌కు మారిన క్రమమే ఆంధ్రప్రదేశ్ రేషన్ డిజిటలీకరణ. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చాక రేషన్ డిపో పల్లె బతుకులో భాగమైంది. ఎవరికి ఎంత ఇచ్చారో చెప్పేది మాత్రం డీలరు రాసిన పుస్తకమే. పంపిణీని మొదలు నుంచి చివరి దాకా కంప్యూటరీకరించాలని 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం సూచించింది. 2015లో రాష్ట్రంలోని డిపోలకు, వేలిముద్ర చూసి సరుకు నమోదు చేసే ఈ-పోస్ యంత్రాలు రావడం మొదలైంది.

అనకాపల్లి జిల్లా బుచ్చయ్యపేట మండలంలోని డిపోల్లోనూ రాష్ట్రమంతటి పద్ధతే నడుస్తుంది. మండల స్థాయి నిల్వ కేంద్రం నుంచి డిపోకు బస్తాలు వస్తాయి. కార్డుదారు వేలు పెడితే ఆధార్‌తో సరిపోల్చి యంత్రం కోటా చూపుతుంది, ఇచ్చిన సరుకు అక్కడికక్కడే నమోదవుతుంది. నెలాఖరున డిపోలో ఎంత మిగలాలో ఆ నమోదును బట్టే తేలుతుంది. వచ్చే నెల కేటాయింపులో దాన్ని మినహాయించవచ్చు. అందరి కళ్లూ వేలిముద్ర మీదే ఉంటాయి కానీ, సరఫరా గొలుసుకు అసలు బలం ఈ నిల్వ లెక్కదే.

చెరకు నరికి, బెల్లం వండి అరిగిన వేళ్లను యంత్రం గుర్తించకపోతే పేదవాడి నోటి దగ్గర కూడు పోదా అన్న అభ్యంతరం బలమైనదే. జార్ఖండ్‌లో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ తదితరులు జరిపిన అధ్యయనం దీన్ని బలపరిచింది. అక్కడ ఆధార్ ధ్రువీకరణ ఒక్కటే సరుకు పక్కదారి పట్టడాన్ని తగ్గించలేదు. మిగులు లెక్కతో కేటాయింపు కోసినప్పుడు పక్కదారి పట్టడం తగ్గినా, కోత బరువులో కొంత కార్డుదారుల మీదా పడింది. అయితే దీనికి విరుగుడు మళ్లీ చేతిరాత పుస్తకం కాదు. వేలిముద్ర పడనివారికి కనుపాప గుర్తింపో మరో దారో తప్పనిసరిగా ఉంచి, నిల్వ లెక్కను మాత్రం వదలకపోవడమే మేలు.

జనానికి దక్కిన పెద్ద లాభం మరొకటి ఉంది. లెక్క ఆన్‌లైన్‌లో ఉంటే ఏ డిపోలోనైనా సరుకు తీసుకోవచ్చు. 2019 ఆగస్టు 9న ఆంధ్ర, తెలంగాణల మధ్య ఈ సౌకర్యం ప్రయోగాత్మకంగా మొదలైంది. బుచ్చయ్యపేట నుంచి హైదరాబాద్ పనికి వెళ్లిన కుటుంబం అక్కడే బియ్యం పొందే వీలు దీనివల్లే కలిగింది. పంపిణీ తీరూ మారుతూ వచ్చింది. 2021 జనవరిలో ఇంటింటి పంపిణీకి 9,260 వాహనాలు ప్రవేశపెట్టారు. 2025 జూన్ 1 నుంచి వాటిని ఆపి మళ్లీ డిపోలకు మళ్లారు. వృద్ధులకు, దివ్యాంగులకు ఇంటికే అందించే ఏర్పాటు ఉంచారు. బండి మారినా కార్డు, కోటా లెక్కలు చెదరలేదంటే వ్యవస్థకు వెన్నెముక ఏదో తెలుస్తుంది.

మరి ఇంత లెక్క ఉన్నా 2024 నవంబరులో కాకినాడ రేవులోని ఓడలో రేషన్ బియ్యం ఎలా బయటపడ్డాయన్నది న్యాయమైన ప్రశ్న. యంత్రం చూపు కాటా దగ్గరితో సరి. సరుకు తీసుకున్న కార్డుదారు నుంచి దళారి కొంటే, ఆ బియ్యం పాలిష్ పట్టి పేరు మారితే, ఈ-పోస్ రికార్డులో తప్పేమీ కనబడదు. ఆ దందాకు మూలం బియ్యం నాణ్యతలో, బజారు ధరతో ఉన్న తేడాలో ఉంది. దాన్ని ఆపాల్సింది మిల్లుల వద్ద, రేవుల వద్ద తనిఖీ. డిజిటలీకరణను డిపో దాకా సాగే లెక్కతోనూ, కార్డుదారుకు దక్కిన ఎంపికతోనూ తూచాలి. ఆ పైన జరిగే అక్రమానికి దాన్నే నిందిస్తే అసలు దోషులు తప్పించుకుంటారు.