సంతిఖిరి

1949 తర్వాత చైనాలోని యునాన్ నుంచి బర్మాలోకి తప్పుకొని, 1960ల తొలినాళ్లలో ఉత్తర థాయిలాండ్ కొండలు చేరిన చైనా జాతీయవాద సైనికులు స్థిరపడిన మే సలోంగ్ గ్రామానికి థాయి ప్రభుత్వం పెట్టిన పేరు ‘సంతిఖిరి’. ఇందులోని ‘సంతి’ అనేది ‘శాంతి’ శబ్దానికి పాళీ రూపం కాగా, ‘ఖిరి’ మనకు తెలిసిన ‘గిరి’యే, భారతీయ వర్ణక్రమంలోని గకారస్థానంలో ఉన్న అక్షరాన్ని థాయి భాషలో ఖకారంగా పలకడమే ఈ భేదానికి కారణం. యుద్ధమూ నల్లమందూ చూసిన వాలులపై తైవాన్ నుంచి తెచ్చిన ఊలాంగ్ తేయాకు, అనగా పాక్షికంగా ఆక్సీకరణ చెందించే రకం, పెరుగుతున్న ఈ ఊరికి ఇంతకన్న తగిన పేరు దొరకదు. అయినా జనవ్యవహారంలో పాత పేరే బలంగా నిలిచింది. అక్కడి థాయి, యునాన్ చైనా భాషలు రెండింటిలోనూ తేయాకు ‘చా’యే, తెలుగువారి ‘చాయ్’ పారశీకం మీదుగా వచ్చిన ఆ మాటే.