పొగ తాగని ఆడవాళ్ళ క్యాన్సర్, పురుగులో దొరికిన ఆనవాలు

1981లో జపాన్ పరిశోధకుడు తకేషి హిరయామా ఒక లెక్క బయటపెట్టారు. పొగ అలవాటు లేని 91,540 మంది గృహిణులను 14 ఏళ్ళపాటు గమనిస్తే, భర్త ఎంత ఎక్కువగా సిగరెట్లు కాలిస్తే భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంత పెరిగిందని తేలింది. పొగాకు కంపెనీలు ఆ లెక్కమీద విరుచుకుపడ్డాయి. లెక్క మాత్రం నిలబడింది.

అయితే భర్తల సిగరెట్టు ఒక్కటే కారణం కాదు. చైనా యునాన్ రాష్ట్రంలో ష్వాన్‌వే అనే ప్రాంతం ఉంది. అక్కడి ఆడవాళ్ళు దాదాపు ఎవరూ పొగ తాగరు. అయినా ఈ క్యాన్సర్‌తో చనిపోయే స్త్రీలు దేశంలోకెల్లా అత్యధికంగా ఉన్న చోట్లలో అదొకటి. ఇంటి మధ్య గుంటపొయ్యిలో నల్లగా పొగలుగక్కే బొగ్గు మండించి, పొగగొట్టం లేని గదిలో వంట చేయడం దానికి కారణమని 1980లలో తేలింది. పొగగొట్టాలు పెట్టించిన ఇళ్ళలో తర్వాత కేసులు తగ్గాయి. ఇంట్లో కాల్చే బొగ్గు పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రుజువైన క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. కట్టెల పొగను ఒక మెట్టు కింద, అనుమానం బలంగా ఉన్నవాటిలో పెట్టింది. కట్టెల పొయ్యి ముందు బతుకంతా కూర్చున్న మన పల్లె తల్లులకూ సంబంధించిన మాట ఇది.

ఇక ఈ క్యాన్సర్‌కు ఆనవాలు దొరికిన కథ మరో చోట, ఒక పురుగు దగ్గర మొదలైంది. ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగు పెరుగుదల మీద విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ అమెరికాలో పనిచేసేవారు. లిన్-4 అనే జన్యువు చెడితే పురుగు ఎదుగుదల వరుస తప్పుతుంది. ఆ జన్యువు ఏ ప్రోటీన్ తయారుచేస్తుందో అని ఆంబ్రోస్ బృందం ఏళ్ళ తరబడి వెతికింది. అది ఏ ప్రోటీనూ తయారుచేయదు. అందులోంచి వచ్చేది 22 అక్షరాల బుల్లి ఆర్‌ఎన్‌ఏ ముక్క మాత్రమే. లిన్-14 అనే మరో జన్యువు పంపే సందేశానికి ఈ ముక్క అతుక్కుని, దాని నుంచి ప్రోటీన్ తయారుకాకుండా ఆపుతుందని రెండు ప్రయోగశాలలూ 1993లో ఒకే పత్రిక ఒకే సంచికలో రాశాయి.

అదేదో పురుగుల సంగతి అనుకుని లోకం పెద్దగా పట్టించుకోలేదు. 2000లో రవ్‌కున్ బృందానికి లెట్-7 అనే ఇంకో ముక్క దొరికింది. అది మనిషిలోనూ ఉందని తెలిశాక అందరూ ఇటు తిరిగారు. ఇలాంటి ముక్కలకు మైక్రో ఆర్‌ఎన్‌ఏ అన్న పేరు 2001లో స్థిరపడింది. మరుసటి ఏడాదే ఒక రకం రక్త క్యాన్సర్‌లో రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు మాయమవుతున్నాయని అమెరికాలో కార్లో క్రోచే బృందం చూపింది.

ఊపిరితిత్తుల వంతు 2004లో వచ్చింది. లెట్-7 తగ్గిపోయిన రోగులు ఆపరేషన్ తర్వాత తక్కువ కాలం బతుకుతున్నారని జపాన్ వైద్యులు గమనించారు. జబ్బు ముందుముందు ఎలా నడుస్తుందో చెప్పగల గుర్తుగా మైక్రో ఆర్‌ఎన్‌ఏ పుట్టింది ఇక్కడే. లెట్-7 మామూలుగా ర్యాస్ అనే క్యాన్సర్ జన్యువును అదుపులో పెడుతుందని మరుసటి ఏడాది తెలిసింది. అదుపు సడలితే గడ్డ విజృంభించడంలో వింత లేదు.

అదే 2004లో బాస్టన్‌లో ఇంకో తలుపు తెరుచుకుంది. ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పులున్న గడ్డలు కొన్ని మాత్రలకు లొంగుతున్నాయి. ఆ మార్పులు ఎక్కువగా కనిపించేది ఆసియా వాళ్ళలో, ఆడవాళ్ళలో, పొగ తాగనివాళ్ళలో. అంటే పొగ తాగనివాళ్ళ క్యాన్సర్ పొగరాయుళ్ళ జబ్బుకు చిన్న రూపం కాదు, వేరే జబ్బు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన మలుపు ఇదే.

2009లో రెండు దారులూ కలిశాయి. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు పొగ తాగనివారి గడ్డలు 28 తీసుకుని చూశారు. మిర్-21 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ వాటిలో పెరిగి ఉంది, ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నచోట మరీ ఎక్కువగా. కణం తనంతట తాను చనిపోయే ఏర్పాటును అది అడ్డుకుంటుంది. మిర్-21ను అణిచిపెడితే ప్రయోగశాల కణాల్లో ఈజీఎఫ్ఆర్ మందు మరింత బాగా పనిచేసింది. ఆ తర్వాత చైనాలోని షెన్‌యాంగ్‌లో కొందరు పరిశోధకులు పొగ తాగని స్త్రీలను మాత్రమే తీసుకుని, మైక్రో ఆర్‌ఎన్‌ఏ జన్యువుల్లో ఒక్క అక్షరం తేడాలను వెతికారు.

ఈ ముక్కలకున్న ఒక బలం వాటి పొట్టితనం. పొడవాటి ఆర్‌ఎన్‌ఏ త్వరగా చితికిపోతుంది. ఇవి ఆస్పత్రి అలమరల్లో మైనపు దిమ్మల్లో దాచిన పాత బయాప్సీ ముక్కల్లోనూ మిగిలి ఉంటాయి, నెత్తుట్లోనూ దొరుకుతాయి. చిక్కు కూడా అక్కడే. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలితే వాటిలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు బయటపడి కొలతను తప్పిస్తాయి. ఒక ప్రయోగశాల ఇచ్చిన జాబితా మరో ప్రయోగశాల జాబితాతో తరచూ కలవదు.

ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ వచ్చింది. అయినా పొగ తాగని స్త్రీకి ఈ క్యాన్సర్ అని తేలితే ఇవాళ చికిత్సను నిర్ణయించేది జబ్బు దశ, ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే వంటి జన్యు పరీక్షలే. మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఇంకా ఆ పరీక్షల చీటీలోకి ఎక్కలేదు. ఎక్కాలంటే ఆడవాళ్ళనే పెద్ద సంఖ్యలో చేర్చుకుని, వాళ్ళ వంటింటి పొగనూ భర్తల పొగనూ నమోదు చేసి, ఒకే పద్ధతిలో కొలిచి, ఏళ్ళపాటు వెంబడి ఉండి చూసే అధ్యయనాలు కావాలి. హిరయామా 14 ఏళ్ళు ఓపిక పట్టారు.