చిట్టా చింపినవారు, చిట్టా వ్రాసికొన్నవారు
(1844వ యేటి నేతవారి చరిత్రము)



మన మహాసభలు జరిగినప్పుడెల్ల మార్కండేయ మహర్షిని, భావనాఋషిని స్మరించి వంశగౌరవమును జెప్పుకొనుట పెద్దలనాటి యాచారము. అది మేలే. కాని దేవతలకు వస్త్రము నేసిన కథ విని యానందించు మనము, ఆ వస్త్రమునకు నూలెవ్వరిచ్చిరి, మజూరి యెవ్వరు నిర్ణయించిరి యని యడుగము. పురాణమునకా ప్రశ్నతో బనిలేదు, చరిత్రమునకు గలదు. కావున నీ సంచికలో మేము వంశచరిత్రమును విడిచి శ్రమచరిత్రము నొకింత విన్నవింప దలచితిమి. సామ్యవాదము, వర్గము అను మాటలు వినగానే బెదరువారును, వానిని మంత్రమువలె జపించువారును మనలో గలరు. ఆ మాటలకు బలము చేకూరిన దినములలో నేతవాని మగ్గము వానికెంత చేరువగా నుండెనో యిరుతెగలవారును దెలిసికొనదగును.

ప్రష్యా రాజ్యములో సైలీషియా యను సీమ యుండెను. పీటర్స్‌వాల్డౌ, లాంగెన్‌బీలౌ అను నచ్చటి పల్లెలు నేడు పోలెండు దేశములో జేరియున్నవి. ఆ పల్లెల నేతవారు మిల్లు కూలీలు కారు. ఇంటనే మగ్గము పెట్టుకొని నేయువారు. అయినను నూలు వర్తకునిది, నేసిన గుడ్డ వర్తకునిది, మజూరి వర్తకుడు చెప్పినది. ఇంగ్లండు యంత్రముల సరకు పోటీకి రాగా వర్తకులు తమకు గలిగిన నష్టమును మజూరి తగ్గించి నేతవాని నెత్తిన వేసిరి. 1844 జూన్ 3వ తేదీన కొందఱు నేతవారు త్స్వాంజిగర్ అను వర్తక సోదరుల యింటిముందు నిలిచి, వారి లోభమును దూఱుచు గట్టిన పాటను బాడిరి. వారిలో నొకనిని బట్టి బంధించిరి. మఱునాడు జనులు గుంపుగూడి యాయింటిపై బడిరి. 5వ తేదీన లాంగెన్‌బీలౌలో సైనికులు తుపాకులు గాల్చగా 11 మంది మరణించిరి.

ఆ తిరుగుబాటులో మన మనసున నాటదగిన విషయమొకటి గలదు. వారు యంత్రములను, సామానులను మాత్రమే పాడుచేయలేదు. చిట్టా పుస్తకములను సైతము చింపివేసిరి. తమ బాకీ యెట్లు పెరిగినదో, మజూరి యెట్లు తరిగినదో యా పుస్తకమునకే తెలియును. అది వర్తకుని చేతనుండెను. నాడు పారిస్ నగరమున నుండిన కార్ల్ మార్క్సు యీ విషయమునే ప్రత్యేకించి గుర్తించి ‘ఫోర్‌వెర్ట్స్’ అను పత్రికలో వ్రాసెను. ఆ పత్రికలోనే జర్మను కవి హైనే, నేతవారిని గూర్చిన తన గీతమును జూలై 10వ తేదీన బ్రకటించెను.

మఱి యర్ధశతాబ్దికి గెర్హార్ట్ హౌప్ట్‌మాన్ అను నాటకకర్త యీ కథను ‘నేతగాండ్రు’ అను నాటకముగా రచించెను (1892). ఆయన తాత నేతపని చేసినవాడు. తండ్రి నోట విన్న యా కథలే నాటకమునకు మూలమని కవియే యంకితమున జెప్పెను. మొదట దానిని శిష్టభాషలోగాక సైలీషియా నేతవారి పలుకుబడిలోనే వ్రాసెను. అందు ప్రత్యేకించి నాయకుడు లేడు, పేదజనసమూహమే నాయకుడు. బెర్లిన్ పోలీసువారు దాని బహిరంగ ప్రదర్శనమును నిషేధించిరి. తుదకు 1894లో బహిరంగముగా నాడినప్పుడు కైసరు ఆ నాటకశాలలోని తన యాసనమును వదలుకొనెను. నాటకాంతమున హిల్జె యను ముదుసలి నేతగాడు, పరలోకమున న్యాయము జరుగునను విశ్వాసముతో, తిరుగుబాటులో జేరక మగ్గమువద్దనే కూర్చుండును. దారితప్పి వచ్చిన గుండొకటి యాతనినే చంపును. ఓర్చుకొని యూరకుండినంత మాత్రమున రక్ష లేదని కవి యుపన్యసింపక చూపినాడు.

ఆ 1844వ సంవత్సరముననే, డిసెంబరు 21వ తేదీన, ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణమున మఱియొక కార్యము జరిగెను. అది లాంకషైరు సీమలోని యూరు. మన మగ్గములను మూలబెట్టించిన నూలును గుడ్డయు వచ్చిన సీమ యదియే. అచ్చటి చేమగ్గపు నేతవారును మిల్లుల ధాటికి మనవారివలెనే యాకలి జూచిరి. ఆ యూర 28 మంది, వారిలో పలువురు నేతవారు, తలకొక పౌను చొప్పున గూర్చి చిన్న యంగడి దెఱచిరి. పిండి, వెన్న, చక్కెర, క్రొవ్వువత్తులవంటి కొలది సరకులే యందుండెను. ఎంత సొమ్ము పెట్టినను సభ్యునకొక్క వోటే, అమ్మకము రొక్కమునకే, లాభము కొన్నదానినిబట్టి పంపకము, లెక్కలు సభ్యులందఱి యెదుట పెట్టవలెను. ఇవి వారి నియమములు. ప్రపంచమున నేడున్న సహకారోద్యమము వారినే మార్గదర్శకులుగా దలచుచున్నది. వారిలో గొందఱు రాబర్టు ఓవెన్ యొక్క శిష్యులు. ఆయన స్వయముగా నూలుమిల్లు యజమానియై యుండియు, న్యూ లానార్కు గ్రామమున 1816లో పనివారి బిడ్డలకు విద్యాలయము దెఱచినవాడు. సామ్యవాదమనగా ధనికులపై ద్వేషమని యనుకొను మన పోషకమహాశయులు ఆయన చరిత్రమును జదువ గోరుచున్నాము.

ఇక మన యింటి సంగతి. మన నేతవానికి గుంటమగ్గము తనదే. పడుగు, పేక షావుకారువి. ఆసు పోసి కండెలు చుట్టు నిల్లాలి పనికి వేఱుగా గూలి లేదు. 1930లో ఆచార్య రంగాగారు దక్షిణదేశపు చేనేతవారి స్థితిగతులను విచారించి గ్రంథముగా వెలువరించిరి. 1904, 1912 సంవత్సరముల సహకార చట్టముల పిదప నేతసంఘములు మొలకెత్తినవి. 1935లో మద్రాసున రాష్ట్ర చేనేత సహకార సంఘము స్థాపితమయ్యెను. 1915లో నిడుబ్రోలున జన్మించిన ప్రగడ కోటయ్యగారు 1995లో దివంగతులగువఱకు చేనేతవారి పక్షమున బనిచేసిరి. 1985లో కొన్ని రకముల వస్త్రములను చేమగ్గములకే కేటాయించు చట్టము వచ్చెను. మొదట 22గా నుండిన యా రకములు పిమ్మట 11కు దగ్గినవి. 2019–20లో జరిగిన గణనలో దేశమున చేనేత పనివారు 35 లక్షలకు పైబడియుండగా, వారిలో నూటికి 72 మంది స్త్రీలని తేలినది.

ఈ సంచికకు ద్రవ్యసహాయము చేసిన పోషకులలో వస్త్రవర్తకులు గలరు. వారిని నిందించుట మా యభిమతము కాదు. కాని సత్యమును మఱుగుపఱచిన చరిత్రము చరిత్రము కాదు. సైలీషియాలో మజూరి కోసిన వర్తకుడును, ఆకలిగొన్న నేతవాడును ఒకే పల్లెవారు, ఒకే భాషవారు. అట్లే మనలోను షావుకారు, కూలినేతగాడు ఒకే గోత్రమువారై, ఒకే పంక్తిని భుజించువారై యుండవచ్చును. పంక్తి యొక్కటైనంతమాత్రమున లెక్క యొక్కటి కాదు. కులబంధుత్వము పెండ్లికి, కీడుకు దోడువచ్చును. మజూరి దినమున దానంతట నది దోడురాదు. సహకారసంఘము పెట్టినను, షావుకారే యధ్యక్షుడై, నేయనివారు సభ్యులైనచోట పేరు మాఱెనే కాని స్థితి మాఱలేదని పలువురమెఱిగినదే.

కావున నీ మహాసభకు మా విన్నపములు మూడు. ప్రతి నేతవాని చేతను, ఇచ్చిన నూలు, ముట్టిన మజూరి, మిగిలిన బాకీ వ్రాసిన చిట్టాప్రతి యొకటి యుండవలెను. కండెలు చుట్టు స్త్రీ పేరును పనివారి పట్టికలో జేరవలెను. నేతసంఘముల పదవులు నేయువారికే దక్కవలెను. వీనిని మొదట మన సభ్యులైన వర్తకులే యాచరించి చూపిన, ఓవెన్ కీర్తి వారికిని గలుగును.

ఆ యేట సైలీషియావారు చిట్టాను జింపిరి. అది పరులచేత నుండెను గనుక. రోచ్‌డేల్‌వారు చిట్టాను వ్రాసికొనిరి. అది యందఱి యెదుట దెఱవబడెను గనుక. చింపవలసిన యవసరము గలుగకుండ జేయుటయే మన సంఘము చేయదగిన పనియని మా నమ్మకము.